దీవిలో నీ పక్క మీద దుప్పటి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ పిన్నీ బాగున్నారని రాశావు, నీ మోకాలి సంగతి మాత్రం దాటేశావు. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు అది. సెలవులకి రా, సముద్రంలో నానబెడదాం.

బస ఎక్కడ బాగుంటుందని అడిగావు. నేను పంపిన కార్డు మీద బొమ్మ చూసి పెద్ద హోటల్ మీద మనసు పడ్డావు. దాని పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు వందల గదుల్లో మనుషులు మారిన రోజున కూడా ఉతుక్కి అరవై దుప్పట్లే వస్తాయి. మిగతావి ముడత తీసి, సెంటు కొట్టి, మళ్ళీ పరుస్తారు. అడిగితే వాళ్ళ సూపర్‌వైజర్, "నీకెందుకోయ్, పని తగ్గింది కదా, సంతోషించు" అన్నాడు.

"మీ మంచం మీద పరిపించుకోండి, అప్పుడు సంతోషిస్తా" అన్నాను.

తూర్పు ఒడ్డున ఆరు గదుల లాడ్జి ఉంది. నడిపేది ఒక ముసలావిడ, అందరూ ఆరుగదులమ్మ అంటారు. చిరిగిన అంచు ఎంత సన్నగా కుడుతుందంటే, నీ చేతి కుట్టేమోనని తడిమి చూశాను. ఒకసారి మూటలు తారుమారై పెద్ద హోటల్ దుప్పట్లు ఆవిడకి వెళ్ళాయి. మోసుకుని తనే వచ్చింది.

"ఇవేంటి నాయనా, అట్టముక్కల్లా ఉన్నాయి? మా దగ్గర మనుషులు పడుకుంటారు."

"ఈ పూటకి సర్దుకోండి, పెద్దమ్మా."

"సర్దుకునేదాన్నయితే ఇంత దూరం నడుస్తానా? కాస్త జరుగు."

ఇంకా ఉతకని తన మూట వెతికి తీసి, నా తొట్టి దగ్గర కూర్చుని ఉతకడం మొదలెట్టింది. ఆరిన దుప్పటిని చెంపకి ఆనించి చూసుకుంటే గానీ మడత పెట్టదు. నేను ఎవర్నీ తేలిగ్గా మెచ్చుకోనని నీకు తెలుసు. ఆవిడ వస్తే మాత్రం లేచి నిలబడతాను.

కిటికీలోంచి సముద్రం కనబడుతుందా అన్నావు. ఆవిడ లాడ్జిలో కనబడదు, పెరటి గోడ కనబడుతుంది. గోడ దాటితే ఇసకే. పిన్ని గురక పక్కగదికి వినబడుతుందని భయపడకు, గోడలు మందం.

నా తొట్టి ఏమిటని ఈపాటికి అనుకుని ఉంటావు. పెద్ద హోటల్ కౌంటర్లో టై కట్టుకుని కూర్చుంటానని రాసిందంతా అబద్ధం. దీవిలో హోటళ్ళన్నిటికీ ఉతికే లాండ్రీలో పని నాది. పోయినేడాది వానలని నిన్ను రావద్దన్నదీ అందుకే. అప్పుడు చినుకు కూడా లేదు. బట్టల సోడాకి పగిలిన నా చేతులు చూస్తావని భయపడ్డాను.

ఈ సంగతి ఆరుగదులమ్మకి చెప్పాను. "మీ అమ్మని మాసిన దుప్పటి మీద పడుకోబెట్టావనుకో, అప్పుడు సిగ్గుపడు. ముందు ఆ కొస పట్టి పిండు" అంది.

మూడో గది మీకని చెప్పేశాను. దుప్పట్లు నేనే ఉతుకుతాను. పొద్దున్నే మూటతో వెనక తలుపు దగ్గరికి వస్తాను. తలుపు నువ్వే తియ్యి.

ఇట్లు,
టై లేని నీ కొడుకు