జాతకానికి పసుపు

హామిల్టన్,
ఆదివారం

అత్తయ్యకు నమస్కరించి రాస్తున్నాను.

మా అమ్మాయి సిరి కోసం నువ్వు చూసిన అబ్బాయి జాతకం కొరియర్‌లో అందింది. అతను పుట్టిన నెలలోనే, ముప్పై ఏళ్ల కిందట, సిద్ధాంతిగారు రాసిచ్చిందని ఫోన్‌లో చెప్పావు. మూలలకు పసుపు లేదు. మరిచిపోయావనుకుని నేనే తడిపసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాను. కాసేపటికి నాలుగు మూలలూ ఎర్రబడ్డాయి.

పక్కింటి గెన్నాడీగారు రష్యాలోనూ ఇక్కడా నలభై ఏళ్లు కాగితం మిల్లుల్లో కెమిస్టుగా పనిచేశారు. మా రీసైక్లింగ్ బిన్‌లో కాగితాలు తీసి, చించి, వాసన చూస్తుంటారు. బ్యాంకు కాగితాల కోసమేమోనని ఇన్నాళ్లూ కర్టెన్ చాటు నుంచి ఆయన్నే కనిపెట్టి చూశాను. నిన్న టీకి పిలిచి ఈ కాగితం చూపించాను. ఆయన అంచు కొంచెం చించి చూశారు.

"పైన రంగు టీ నీళ్లది, లోపలంతా తెలుపే. ఇందులో సున్నపురాయి పొడి ఉంది, ఈమధ్య వచ్చే కాగితాల్లోలాగా. ఆ రోజుల్లో మామూలు కాగితానికి పటిక వాడేవాళ్లం," అన్నారు.

నమ్మలేక నా పాత జాతకానికీ పసుపు రాశాను. అది పసుపుగానే ఉంది.

అబ్బాయి అసలు వయసెంత అత్తయ్యా? సిరికి నేనింకా ఏమీ చెప్పలేదు.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని చిన్నప్పుడు మాకు దిష్టి తీస్తూ చూపించింది నువ్వే. మూలలకు పసుపు పెట్టకుండా ఏ శుభకాగితాన్నీ గడప దాటనివ్వవు. దీన్ని మాత్రం ఒట్టిగా ఎందుకు పంపావు?

నీ మేనకోడలు