ఆఠీను ఏడు

1969 డిసెంబర్ 14, సాయంత్రం

వాన. బయటికి పోయే వీల్లేదు. ఆట వేశాం.

ఈ ఆట ఎవరు కనిపెట్టారని అడిగితే ఎవరికి వారు నేనే అంటారు. పేకలో నాలుగు రంగులు. సూయజ్‌లో మా పేటకి నాలుగు సందులు, రంగుకో సందు. ఒక్కో ముక్క ఒక్కో ఇల్లు. రాజంటే మూలమీది మేడ, రెండంటే కోళ్ళగూడు కంటే కాస్త పెద్దది. జోకర్లు మసీదూ, పేటంతా స్నానాలకి పోయే హమామూ. వాటికి అమ్మకం లేదు. ముక్కలు పంచుకుని, ఇచ్చిపుచ్చుకుని, ఒక సందంతా చేతిలో వేసుకున్నవాడు ఆ పూటకి దానికి పెద్ద. మిగతావాళ్ళు వాడికి టీ కాచి పొయ్యాలి.

కానీ ముక్క ఊరికే చేతులు మారదు. అమ్మేవాడు కొనేవాణ్ణి ఆ ఇంట్లో తిప్పాలి, మాటల్తోనే. మెట్లు ఎటు, వంటిల్లు ఎటు, ఏ తలుపు వానాకాలం బిగుస్తుంది. కొనేవాడు వంకలు పెట్టాలి. ఇవాళ మా పేట జవాద్ నాకు కళావరు తొమ్మిది అంటగట్టాలని చూస్తూ, డాబా మీంచి ఓడలు కనపడతాయి ఉస్తా, రాజా లాగా కూర్చుని చూడొచ్చు అన్నాడు. పెద్ద పనివాణ్ణని నన్నందరూ ఉస్తా అనే పిలుస్తారు. నీ మొహం, ఆ డాబా మీద పావురాల రెట్ట తప్ప ఏం కనపడదు, నలభై ఏళ్ళు పడవేసుకుని ఆ ఓడల చుట్టూ తిరిగినవాణ్ణి నాకు చెప్తావా అన్నాను. ఓడలవాళ్ళకి తోలు ఒంటె బొమ్మలు అమ్మేవాణ్ణి నేను. వెరీ గుడ్ ప్రైస్, మై ఫ్రెండ్. ఇంగ్లీషు నాకు ఓడ నిచ్చెన దగ్గరే వచ్చింది. ఒక నార్వే కెప్టెన్‌కి ఒకే ఒంటెని రెండుసార్లు అమ్మాను. ఆ కథ రాస్తే ఇవాళ్టి కథ మిగలదు.

రూల్స్ రెండే. సొంత ఇంటి ముక్క ఎవరికి పడినా ఆ ఇంటివాడికి ఇచ్చెయ్యాలి, దాన్ని ఎవరూ అడగకూడదు. రెండోది, ఆట మీద ఫాతిహా, ఖురాన్‌లో మొదటి అధ్యాయం, చదవకూడదు. చేతిలో చెయ్యి వేసి ఫాతిహా చదివాక పెళ్ళి సంబంధమైనా గేదె బేరమైనా మా దగ్గర వెనక్కి పోదు. దాన్ని పేకముక్కల మధ్యకి లాగకూడదు.

1969 డిసెంబర్ 16

సూయజ్ మీద మళ్ళీ షెల్లింగ్. రేడియో చెప్పదు. లారీ డ్రైవర్లు చెప్తారు.

యుద్ధానికి సూయజ్ ఖాళీ చేయించాక మాకిచ్చిన, జగాజీగ్ పక్కన ఈ ఆడపిల్లల స్కూల్లో, మా క్లాస్‌రూమ్‌లో, దసూకీ కుటుంబం, జవాద్ కుటుంబం, నేను. మధ్యలో దుప్పట్లు వేలాడతాయి. నేను ఒంటిగాణ్ణి, నల్లబల్ల కింద సర్దుకున్నాను. గదికి కిటికీ ఒక్కటే. దాని కింద జవాద్ తల్లి హమీదమ్మ పడుకుంటుంది. దసూకీ భార్య నఫూసాకి ఉబ్బసం. గదిలో పొగ, తడి బట్టలు, ఇంతమంది ఊపిరి. ఆవిడ గాలి పీల్చే చప్పుడు అందరికీ వినపడుతుంది. ఎవరూ ఆ మాట ఎత్తం.

1969 డిసెంబర్ 18, అసర్ నమాజు తర్వాత

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

ఒక డ్రైవర్ వచ్చి మా ఆఠీను సందు మొత్తం కూలిపోయింది, రాయి మీద రాయి లేదు అన్నాడు. దసూకీ ఇల్లు అందులోనే, ఆఠీను ఏడు. జవాద్‌ది ఎదురిల్లు, ఎనిమిది. దసూకీ షిప్‌యార్డులో ఫిట్టర్, ఆ ఇల్లు అంతస్తు అంతస్తుగా కట్టుకున్నవాడు. నఫూసా కుళాయి దగ్గరికి వెళ్ళింది. దసూకీ ఆటకి కూర్చున్నాక తన ఏడుని మధ్యలో పడేసి, అమ్ముతా, ఎవరు కొంటారు అన్నాడు.

జవాద్ నవ్వాడు. ఏం అన్నా, మట్టిదిబ్బకి ఏం ఇమ్మంటావు, రెండు ఉల్లిపాయలు చాలా అన్నాడు.

నీ కిటికీ అన్నాడు దసూకీ.

జవాద్ నవ్వు ఆగిపోయింది. దుప్పటి అవతల నుంచి హమీదమ్మ, ఇచ్చెయ్యరా, నేనింకా ఎంత గాలి పీలుస్తాను గనక, ఆ పిల్ల నా చెవి పక్కనే చచ్చేట్టుంది అంది. ఆవిడ నోరు ఎప్పుడూ అంతే.

అప్పుడు దసూకీ తలొంచుకున్నాడు. అడుక్కున్నట్టయింది కదా. జవాద్ అది చూశాడు. చూసి, ఊరికే కాదన్నా, బేరం బేరమే, నాకు సందు పూర్తవుతుంది, ఇల్లు తిప్పి చూపించు అన్నాడు. దసూకీ మెట్టు మెట్టూ చూపించాడు. పై వాటాలో సముద్రం వైపు గది, అందులోకి వచ్చే గాలి. జవాద్ ఒక్క వంకా పెట్టలేదు. చెయ్యి చాపి, ఫాతిహా అన్నాడు. ఉస్తా మిత్వల్లీ సాక్షి అని నన్ను చూపించాడు.

దసూకీ మర్యాద దక్కించడానికే అన్నాడని నా నమ్మకం. ముగ్గురం చదివాం.

నఫూసాకి మాత్రం హెడ్మాస్టరు చోట్లు మార్పించాడని చెప్పాం. నిజం తెలిస్తే ఆవిడ అక్కడ పడుకోదు. హమీదమ్మ తలుపు దగ్గరికి మారింది.

1969 డిసెంబర్ 19

నఫూసా మధ్యాహ్నం వరకు నిద్రపోయింది. గదిలో అందరూ కాలివేళ్ళ మీద నడిచారు.

1970 ఫిబ్రవరి 3

తలుపు సందులోంచి చలి కత్తిలా వస్తోంది. గోనెపట్టా కుక్కాను. హమీదమ్మకి జ్వరం. డాక్టర్ వచ్చి న్యుమోనియా అన్నాడు. ఆవిడ నా వైపు చూసి, ఏమయ్యా ఒంటెలాయనా, నీ ఇంగ్లీషు రోగం నాకంటించావే అంది.

1970 ఫిబ్రవరి 9

హమీదమ్మ పోయింది. నఫూసాయే ఆఖరి స్నానం చేయించింది.

1970 మార్చి 1

జవాద్ ఇంక ముక్కలు పట్టడు.

1974 ఆగస్ట్ 11

సూయజ్ వచ్చేశాం.

ఏం రాయను. నా పడవ ఉండే చోట రేవే లేదు. నా ఇంట్లో ఒక గది నిలబడింది, నాలాంటివాడికి అది చాలు. డ్రైవర్ చెప్పింది ముప్పాతిక నిజం. ఆఠీను సందులో జవాద్ ఇల్లు ఉన్న చోట గుమ్మం, రెండు మెట్లు. ఎదురుగా దసూకీ ఇల్లు మాత్రం నిలబడి ఉంది. బాల్కనీ ఊడింది, గోడలకి చిల్లులు. కానీ ఇల్లు. దసూకీ తాళం తీస్తే తలుపు తెరుచుకుంది. నఫూసా గడప మీద కూలబడి ఏడ్చింది. జవాద్ తన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. జవాద్‌నీ అతని భార్య ఇన్షిరాహ్‌నీ నా గదికి పిలిచాను.

1974 ఆగస్ట్ 13

జవాద్ పొద్దున్నే లేచి దసూకీ దగ్గరికి వెళ్ళి ఆ ఇల్లు నాది అన్నాడట.

సాయంత్రం ఇద్దరూ ఉండగానే కాఫీ కొట్టంతా గోల. పేకాటలో గెల్చిన ఇల్లు అడుగుతున్నాడు, పిచ్చెక్కింది వీడికి అన్నారు. జోకరు కూడా నీదేనా, హమామ్ తాళం కావాలా అని ఒకడు ఎగతాళి. దసూకీ నవ్వలేదు. తమ్ముడూ, అది ఆట కదా అన్నాడు. జవాద్ అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. కిటికీ కూడా ఆటేనా అన్నా? మా అమ్మ తలుపు దగ్గర పడుకుంది ఆట కోసమా?



1974 ఆగస్ట్ 15

రేపు శుక్రవారం నమాజు తర్వాత మసీదులో షేక్ సనూసీ ముందు తీర్పుకి కూర్చోవాలి. సాక్షిని నేనే. దసూకీ వచ్చి ఏమీ అడగలేదు. నఫూసా ఆ పై గదిలో పడుకుంటే దగ్గు లేదు ఉస్తా అని వెళ్ళిపోయాడు. ఇన్షిరాహ్ నాకు మామూలుగానే అన్నం పెట్టింది, కాకపోతే నా మొహం చూడకుండా.

ఫాతిహా సగంలో ఆగిపోయిందని చెప్పొచ్చు. నవ్వులో పడి పూర్తి చేయలేదని. ఎవరు కాదంటారు? ఓడల మీద రోజుకి వంద అబద్ధాలు చెప్పి బతికాను. ఇంకొకటి నాకో లెక్కా?

1974 ఆగస్ట్ 16, శుక్రవారం నమాజు తర్వాత

షేక్ అడిగాడు. ముక్క గురించి కాదు, ఇంటి గురించి కాదు. చివరి దాకా చదివారా, ఆమీన్ అన్నారా? అంతే.

అన్నాం అన్నాను. ముగ్గురం అన్నాం.

దేనికి బదులు అని అడిగాడు. కిటికీ కింద చోటుకి అన్నాను. ఎవరి చోటు? హమీదమ్మది. అప్పుడు చూశాను, ఆడవాళ్ళ వైపు గోడ పక్కన నఫూసా నిలబడి ఉంది. ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు. నా నోటితోనే తెలిసింది. ఆవిడ మొహం ఎలా అయిపోయిందో రాయలేను, రాయను కూడా.

షేక్ తీర్పు చెప్పకముందే దసూకీ జేబులోంచి తాళంచెవి తీసి జవాద్ ముందు పెట్టాడు. జవాద్ తీసుకున్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

1974 ఆగస్ట్ 17

చోట్లు మారాయి. జవాద్, ఇన్షిరాహ్ ఆ ఇంట్లో. దసూకీ, నఫూసా నా గదిలో. దుమ్ముకి ఆవిడ దగ్గు మళ్ళీ మొదలైంది. నేను వాకిట్లో. ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. నిజం చెప్పినవాడికి కుర్చీ వేస్తారని నాకెవరూ చెప్పలేదు, కాబట్టి ఫిర్యాదు లేదు.

1974 ఆగస్ట్ 18

పొద్దున నఫూసా నల్ల బట్టలు కట్టుకుంది. దసూకీ ఎక్కడికని అడిగితే పరామర్శకి అంది. ఎవరు పోయారు అన్నాడు. చెప్పకుండా వెళ్ళింది. వెనకే వెళ్ళాను, సాక్షిని కదా.

ఇన్షిరాహ్ తలుపు తీసింది. నఫూసా గడప లోపల, చావింట్లో ఇంటి ఆడవాళ్ళు కూర్చునే చోట, నేల మీద కూర్చుంది. అత్తయ్యా అని హమీదమ్మని పిలిచి ఏడ్చింది. నీ చోట్లో పడుకుని నీ ఒంటికి స్నానం చేయించాను, నాకు చెప్పలేదేం అంది. నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చానమ్మా, ఇల్లు మీదే, దాని కోసం రాలేదు, ఆవిడ కోసం నన్ను ఏడవనివ్వండి అంది.

ఇన్షిరాహ్ లోపలికెళ్ళి చక్కెర లేని కాఫీ తెచ్చింది. చావింటి కాఫీ. తనకొకటి, నఫూసాకొకటి. జవాద్ మెట్ల మీద గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు తల్లిని పాతిపెట్టినప్పుడు కూడా వాడు ఏడవలేదు. ఇవాళ ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, గట్టిగా.

కాఫీ అయ్యాక ఇన్షిరాహ్, ఈ దగ్గు పెట్టుకుని ఆ దుమ్ములోకి ఎక్కడికి పోతావు వదినా, పైన గాలొస్తుంది, పడుకో అంది. జవాద్ నా గదికి వెళ్ళి, నఫూసా పరుపు చుట్టి, భుజాన వేసుకుని ఆ ఇంటి పై గదికి మోశాడు.

1974 ఆగస్ట్ 19

దసూకీ పొద్దుట్నించీ సందులో నిలబడ్డాడు. ఎవరింట్లోకని చెప్పి ఎక్కను ఉస్తా అని అడిగాడు. నేను ఇంక దేనికీ సాక్షిని కాదు, పైన నఫూసా పిలుస్తోంది, ఎక్కు అన్నాను.