రాత అనే మాటకు ఇంగ్లీషు

చిరంజీవి లావణ్యకు మీ అక్క పద్మ మనసారా దీవించి రాస్తున్నది.

నాకు ఒంట్లో బాగానే ఉంది, ఆ మాట ముందు అమ్మకు చెప్పు. నాయన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అవ్వ వేళకు మందులు వేసుకుంటోందా, లేక దిండు కింద దాస్తోందా? మన మైపాడు బోట్లు మళ్ళీ వేటకు పోతున్నాయని విన్నాను. వినగానే ప్రాణం లేచొచ్చింది.

మస్కట్‌కు దూరంగా ఉన్న ఈ రేవు ఊళ్ళో ఎండ చెప్పనలవి కాదు. ఆసుపత్రి నుంచి గదికి నడిచేలోపు ఒళ్ళంతా తడిసిపోతుంది. సముద్రం పక్కనే ఉంది గానీ మన సముద్రంలా హోరెత్తదు, చెరువులా కదలకుండా పడి ఉంటుంది. వేళకు వండుకుంటున్నాను, కడుపు నిండా తింటున్నాను, అమ్మను బెంగ పెట్టుకోవద్దను. నా గదిలో ఉండే కేరళ అమ్మాయి చేపల కూరలో కొబ్బరిపాలు పోస్తుంది. అదీ బాగానే ఉంటుంది. మామిడికాయ వేసిన అమ్మ పులుసు గుర్తొచ్చినప్పుడే ముద్ద దిగదు. సెలవు రోజు మధ్యాహ్నం ఎక్కడైనా ఒక తెలుగు మాట వినపడితే బాగుండుననిపిస్తుంది. అంతే, ఇంకే కష్టమూ లేదు.

పోయిన వారం ఫోనులో నువ్వొక సంగతి అడిగావు. లక్, ఫేట్, డెస్టినీ, వీటికి తేడా ఏమిటని బడిలో పిల్లలు అడిగితే నీళ్ళు నమిలానన్నావు. డ్యూటీకి టైమై జవాబు చెప్పకుండానే పెట్టేశాను. ఆ మాటల మధ్య నేనిక్కడ ఒక పూటంతా చిక్కుకుపోయాను లావణ్యా. అది ఫోనులో తెగేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం, చేపల బోటులో పనిచేసే ఒకాయనను మా వార్డుకు తీసుకొచ్చారు. వల లాగే మిషన్‌లో ఎడమ చెయ్యి పడి రెండు వేళ్ళు నలిగిపోయాయి. కట్టు విప్పుతుంటే "ఓయమ్మో" అని అరిచాడు. ఆ అరుపులోనే తెలిసిపోయింది మనవాడని.

"యాడన్నా మీది?" అన్నాను.

నొప్పి మరిచిపోయి నా మొహంలోకి చూశాడు. "బోగోలు పక్కన తల్లీ. నువ్వు?"

"మైపాడు."

"మైపాడా!" అని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. పేరు పోలయ్య. వయసులో మన పెద్ద బావంత ఉంటాడు.

వేళ్ళు నిలబడలేదు. తీసేయాల్సి వచ్చింది. రెండో రోజు రేవు ఆఫీసరు వచ్చాడు. ప్రమాదం ఎలా జరిగిందో రాసుకుపోవాలి. ఆయనకు తెలుగు రాదు, పోలయ్య అన్నకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నన్ను నిలబెట్టారు.

"ఏం జరిగిందన్నా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు తల్లీ, నా రాత అట్టుండాది" అని గోడవైపు తిరిగాడు.

ఆఫీసరు నా వైపు చూస్తున్నాడు. రాత అనే మాటకు ఇంగ్లీషులో ఏమనాలి? నెల్లూరు బస్టాండులో కదలబోతున్న మైపాడు బస్సు అందితే అది లక్. వేళ్ళు పోయిన మనిషి గురించి బ్యాడ్ లక్ అంటే ఆయన బాధను చులకన చేసినట్టవుతుంది. డెస్టినీ అంటే మనిషి చివరికి చేరుకోవలసిన చోటు, ఎక్కువగా మంచికే వాడతారు. ఆ చేతిని చూస్తూ ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఫేట్ అంటే పైనుంచి దిగినది, ఎవరూ తప్పించలేనిది. రాతకు అదే దగ్గరనిపించి, "ఇది తన ఫేట్ అంటున్నాడు" అని చెప్పాను.

ఆఫీసరు తలూపాడు. "సరే. అయితే ఎవరి తప్పూ లేదన్నమాట" అంటూ కలం మూత పెట్టబోయాడు.

"సార్, కొంచెం ఆగండి, ఇంకొక్కసారి అడుగుతాను" అన్నాను.

మంచం పక్కన కూర్చుని, "అన్నా, రాత సంగతి తర్వాత చూద్దాం. చెయ్యి లోపలికి ఎట్టా పోయింది?" అన్నాను.

"ఆ మిషన్ మీద ఇనప మూత ఉండాల. ఊడిపోయి శానా దినాలయింది. బోటు నడిపే సరంగుకు చెప్పినా. చూద్దాంలే అన్నాడు. తాడు చేతిని పట్టి లాక్కపొయ్యింది."

"మూత ఉంటే?"

"ఉంటే పొయ్యేది కాదు" అన్నాడు మెల్లగా. మళ్ళీ వెంటనే, "వొద్దు తల్లీ, చెప్పబాక. బోటు ఆపేస్తారు. మనోళ్ళ పని పోద్ది" అన్నాడు.

"ఇప్పుడు నీ చోట ఎవరు నిలబడుతుండారు?"

"నా బామ్మర్ది" అన్నాడు. కాసేపటికి కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుని, "చెప్పు తల్లీ. మూత లేదని చెప్పు. సరంగుకు చెప్పినానని కూడా చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఈసారి వెతుక్కోవలసిన ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు.

మూత బిగించేదాకా బోటును రేవు దాటనివ్వలేదు. కూలి పోయిందని తోటివాళ్ళు కోపగించుకుని చూడటానికి కూడా రాలేదు. పోలయ్య అన్న అన్నం ముట్టకుండా తలుపువైపే చూస్తుండేవాడు. బోటు మళ్ళీ కదిలాక ఒక సాయంత్రం బామ్మర్ది ఖర్జూరాల పొట్లంతో వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, "మూత బాగుండాది బావా. చెయ్యి పెడదామన్నా దూరదు" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను పక్క మంచం దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

పిల్లలకు నీకు తోచినట్టు చెప్పు. నాకు తెలిసింది ఒక్కటే. మనం కూరలో ఉప్పెక్కువైనా, తుఫానులో పడవ పోయినా ఒకే మాట అంటాం, రాత అని. ఫేట్ అని రాసేముందు అందులో మనిషి చేసింది గానీ, చేయకుండా వదిలేసింది గానీ ఉందేమో ఒకసారి చూసుకోమను. ఏమీ లేకపోతే అప్పుడు రాసుకోవచ్చు.

కుదిరితే అవ్వ చేతి ఎండు రొయ్యల పొడి కొంచెం పంపు. అమ్మకు, నాయనకు, అవ్వకు నా దండాలు. వాళ్ళ దీవెనలు ఉంటే నాకిక్కడ ఏ కొరతా లేదు. పెద్ద బావకు, అక్కకు, పిల్లలకు అడిగానని చెప్పు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే పోలయ్య అన్న. ఇంటికి పోతూ మన ఊరికి వచ్చాడు. అన్నం తినకుండా పంపొద్దు. ఆ చెయ్యి చూసి అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. "నీ రాత నాయనా" అని మాత్రం ఎవరినీ అననివ్వకు. పక్కన కూర్చుని ఏం జరిగిందని అడగండి. ఇప్పుడు ఆయన చెప్తాడు.

మిమ్మల్నందరినీ కళ్ళలో పెట్టుకుని ఉన్న
మీ పద్మ