సగం క్షవరం

వాషింగ్టన్,
1961 అక్టోబరు 9.

విదేశాంగ శాఖ మర్యాదల విభాగంలో మొట్టమొదటి నల్ల అధికారి, మహారాజశ్రీ థాడియస్ పింక్నీ దొరగారికి, యు వీధి సెలూన్ నుంచి లెమ్యుయెల్ గేన్స్ దణ్ణం పెట్టి రాయునది. ఇక్కడ నేనూ నా కత్తెరలూ క్షేమం. నువ్వు క్షేమంగా లేవని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఆఫ్రికా నుంచి వచ్చిన మంత్రి కమారా గారితో నేనేదో వాగానట. అందుకే ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టకుండా వెళ్లిపోయారట. ఇప్పుడు నీ ఉద్యోగం ఊడేలా ఉందట. "నేనేమీ అనలేదు" అని రాసి పంపమన్నావు. చిన్నప్పటి స్నేహితుడివి కదా, రాస్తాను. కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను. నీకు పనికొచ్చేది నువ్వే ఏరుకో.

ఏళ్ల తర్వాత ఆవేళ నా సెలూన్‌కి వచ్చావు. టోపీ కూడా తియ్యకుండా గుమ్మంలోనే నిలబడి, "లెమ్, దేశం పరువు నీ చేతిలో ఉందిరా" అన్నావు. తీరా చూస్తే సంగతి ఇదీ: మన విమానాలు దిగడానికి జాగా ఇస్తానన్న ఆఫ్రికా మిత్రదేశం మంత్రికి జుట్టు పెరిగింది. ఆయన దిగిన హోటల్లోనే, కింద సెలూన్ ఉంది. అక్కడి నలుగురు తెల్లవాళ్లూ నల్ల తల ముట్టుకోం పొమ్మన్నారు. రష్యాని గడగడలాడిస్తామనే ప్రభుత్వం నాలుగు కత్తెరల ముందు తోక ముడిచింది. నాకు నవ్వొచ్చింది. కడుపు మండింది కూడా.

ఆపైన నీ తెలివి! మాసిన దుప్పట్లు దించే వెనక మెట్ల మీదుగా నన్ను పైకి తీసుకెళ్లావు. "ఆయన అడిగితే, కింద సెలూన్‌కి రంగులేస్తున్నారని చెప్పు" అన్నావు. ఒక నల్లవాడికి జరిగిన అవమానాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో నల్లవాణ్ణి దొంగదారిన తేవడం, దానికి మూడో నల్లవాడివి నువ్వే కాపలా. మీ ఆఫీసులో దీన్నే దౌత్యం అంటారు కాబోలు.

నువ్వు నేర్పిన చిలకపలుకులే పలికాను. మంత్రిగారు నవ్వి, "రంగు వాసన రావట్లేదే" అన్నారు. నేను తల వంచుకుని పని చేసుకున్నాను. కుడివైపు పూర్తయిందో లేదో, మెడకి చుట్టిన గుడ్డ లాగేసి లేచారు. "ఇంక చాలండి మాస్టారూ" అని ఆ సగం తలతోనే కిందికి దిగి, తెరిచున్న సెలూన్ ముందు నుంచే సంతకాల గదికి నడిచారు. "మిగతా సగం ఆ సెలూన్లోనే చేయించండి, అప్పుడు పెడతా సంతకం" అన్నారని నువ్వే రాశావు. ఆ నలుగురూ అప్పటికీ ఒప్పుకోలేదు. మీ పెద్దలేమో అది వాళ్ల దేశాచారమని పత్రికలకి చెప్పారు. సగం క్షవరం ఆచారమట! సిగ్గు లేకపోతే సరి.

ఇదిగో, నువ్వడిగిన ముక్క: నేను ఆయనతో ఏమీ అనలేదు.

ఇట్లు,
మిత్రదేశాల తలలు దొంగదారిన కత్తిరించే
లెమ్యుయెల్ గేన్స్

తా.క. అసలు సంగతి పైన రాయలేదు. మంత్రిగారి గదిలో నువ్వు మర్యాదకి టోపీ తీశావు. బయటికి వెళ్లడానికి వెనక్కి తిరిగావు. నీ మెడ వెనక జుట్టు మెట్లు మెట్లుగా ఉంది. మీ ఆవిడ వంటింట్లో కూర్చోబెట్టి కత్తిరిస్తోంది కదూ? ఆయన అది చూశారు. సగమయ్యాక మెల్లగా, "అంత పెద్ద ఆఫీసరు కదా, ఆయనకి క్షవరం అలా ఎవరు చేశారండీ?" అన్నారు. తెల్లవాళ్లు నిన్ను రానివ్వరనీ, మా దగ్గరికి రావడం నీకు నామోషీ అనీ ఎలా చెప్పను? కత్తెర ఆగిపోయింది. ఆయనకి అదే జవాబు.

మిగతా సగం మర్నాడు నా సెలూన్లోనే చేయించుకున్నారు, మన పోస్టుమాన్ తర్వాత తన వంతు వచ్చేదాకా కూర్చుని. నువ్వూ రారా. ముందు గుమ్మం లోంచే రా. టోపీ తీసి రా.