ఎవరి జవాబో చూడలేదు

చిరంజీవి చిట్టితల్లికి నాన్న దీవెనలు. నా మోకాలు, మీ ఆయన మొహం తప్ప ఇక్కడంతా క్షేమం. నీ ఓడ రేవు చేరి ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేనాటికి ఆ రెండూ కుదుటపడతాయని ఆశ.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. అమ్మ కళ్ళద్దాలు మార్చింది. పక్కింటి పిల్లి మన మేడమీదే ఈనింది. నాలుగు పిల్లలు, పంపెయ్యమంటే అమ్మ నన్ను పొమ్మంటోంది. నీటి సరఫరా ఆఫీసులో మీ ఆయన్ని ఎందుకు పక్కన పెట్టారన్నావు. అక్కడికే వస్తున్నాను.

దూరపు పంపుహౌసుల కంప్యూటర్లు బతికున్నాయో లేదో చూసే ప్రోగ్రాం రాసింది నేనే కదా. నిమిషానికోసారి "ఉన్నావా?" అని కబురు పంపుతుంది, జవాబొస్తే తెర మీద పచ్చచుక్క. ఈ కబుర్లు మామూలు దారిన పోవు. కబుర్లను నేరుగా పంపి అందుకునే 'రా సాకెట్' అనే ద్వారం తెరవాలి, దానికి యంత్రం మీద పూర్తి అధికారం కావాలి. ఈ విద్య పాత పుస్తకాల కొట్లో దొరికిన అట్టలేని పుస్తకం చూసి నేర్చుకున్నాను. కొట్టువాడు దాన్ని వంటల పుస్తకాల్లో ఎందుకు దాచాడో, నాకు నేటికీ అనుమానమే.

అధికారపు పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు: నాకూ, మీ ఆయనకీ. పోయిన మంగళవారం పొద్దున ఉత్తరపు పంపుహౌస్ కంప్యూటర్ చచ్చి, మూడు గంటలు పంపు ఆగింది. ఆసుపత్రి ట్యాంకు అడుగంటింది. నా తెర మీద మాత్రం పచ్చచుక్క! పాస్‌వర్డ్ ఉన్నవాడే దానిచేత అబద్ధం చెప్పించాలి. నేను కాదు. ఇక మిగిలిందెవరు? పైగా పొద్దుటినుంచీ అతను ఆఫీసులో నా ప్రోగ్రాం నడిచే యంత్రం ముందే ఉన్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"ఏం లేదు మామయ్యా, ఊరికే చూస్తున్నా."

ఆ తర్వాత అతను టీ సగం తాగి వదిలేసినా నాకు అనుమానమే.

పెద్దసారుకి ఫిర్యాదు ఎవరిచ్చారని అడిగావు. నేనే తల్లీ. మొదటి వాక్యంలోనే రాయాల్సింది. పిల్లిపిల్లల చాటున దాక్కున్నాను.

నిన్న సాక్ష్యం కోసమని ప్రోగ్రాం వరస వరసా చదివాను. ఆ పొద్దున మీ ఆయన అదే యంత్రం నుంచి దక్షిణపు పంపుహౌస్‌కి కబుర్లు పంపి లైను పరీక్షిస్తున్నాడు. యంత్రానికి వచ్చే ఇలాంటి జవాబులన్నిటికీ, ఎవరడిగినవైనా సరే, నా రా సాకెట్‌కి ఒక నకలు అందుతుంది. ఎవరడిగారో చెప్పే గుర్తింపు సంఖ్య, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే చిరునామా వాటి మీదే ఉంటాయి. నేను రెండూ చూడమని రాయలేదు. అతనికొచ్చిన జవాబులు చూసుకుని నా ప్రోగ్రాం చచ్చినదానికి పచ్చచుక్క పెట్టింది. "అక్కడికి చేరలేదు" అని దారిలోని రూటర్ మొత్తుకుంటూనే ఉంది. జవాబు కానివన్నీ పారెయ్యమని రాసిందీ నేనే.

ఈ పొద్దున తప్పు నాదని పెద్దసారుకి రాసిచ్చి, మీ ఇంటికెళ్ళాను. మీ ఆయన గుమ్మంలోనే నిలబడి ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"మీ అంతట మీరే రాశారా, మీ అమ్మాయి రాయించిందా?"

"దానికింకా తెలియదయ్యా."

"నమ్మమంటారా?"

నమ్మలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. నాకు కోపం రాలేదు తల్లీ. వారం రోజులు నేనూ అలాగే చూశాను అతన్ని. నా తరఫున నువ్వొక్క ముక్క కూడా రాయకు, నేనే రాయించాననుకుంటాడు. రేపు మళ్ళీ వెళ్తాను.

ఇట్లు,
అల్లుడి గుమ్మం ఇంకా దాటని
మీ నాన్న