పాస్టరమ్మగారు తెచ్చిన బియ్యం

నాయనా తిమోతీ, ప్రభువు నిన్ను కాయాలని కోరుతూ కొల్లేటికోట నుంచి మీ అమ్మ రాయడం. నేనూ కోడలూ బాగున్నాం, బెంగపడకు.

కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి పంపే మోటార్లు ఆగి చెరువులో చేపలు చస్తే, కాపలా ఉన్న నువ్వే విషం కలిపావని చెరువుగలాయన జైల్లో పెట్టించాడు. మొన్న చూడడానికొచ్చినప్పుడు "దేవుడు చూడట్లేదా అమ్మా?" అని నువ్వడిగావు. ఇంటికొచ్చాక, వంటప్పుడల్లా దేవుడికని తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా మానేశాను. వారం వారం ఆ బియ్యం పోగుచేసుకెళ్ళే పాస్టరమ్మగారు నిన్న సంచీతో వచ్చారు. "ఈసారి ఇవ్వడానికేం లేవండీ" అన్నాను. "అడగడానికి రాలేదండీ. సంఘంలో పోగైన బియ్యం ఈ వారం మీకే తెచ్చాను" అన్నారు. సిగ్గేసి ఏడ్చాను. చూస్తున్నాడు నాయనా. అందులోంచే పిడికెడు ఆయనకి తీసి, పొయ్యి వెలిగించాను.

నీ దగ్గు తగ్గిందా? దుప్పటి ఇచ్చారా? గేదె ఈ నెలాఖరుకి ఈనేలా ఉంది, పశువుల డాక్టరుగారి ఫోన్ నంబరు గుర్తుంటే రాయి. కోడలు నిన్ను అడిగినట్టు రాయమంది.

సోమవారం బెయిలు వస్తుందని లాయరుగారు అంటున్నారు. రాకపోతే ఎలాగని నాకు నిద్ర పట్టట్లేదు. భయపడడం నాకొదిలెయ్, నీ వంతు కూడా నేనే భయపడతాను. నువ్వు ప్రార్థన మాత్రం మానకు.

నీ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తూ,
మీ అమ్మ సువార్తమ్మ