బొటనవేలి కింద అక్షరం

14 నవంబరు 2015, శనివారం. శ్రీకాకుళం.

నేను సరదాగా పోగుచేసుకున్న మిలటరీ వాచీలు చూస్తానని సాయంత్రం రిటైర్డ్ హవల్దారు అప్పలస్వామి గారు ఇంటికొచ్చారు. సైన్యం ఇచ్చే వాచీలకు వెనక మూత మీద బాణం గుర్తు, నెంబరు చెక్కి ఉంటాయి. ప్రతి వాచీనీ బోర్లించి ఆ నెంబరు పైకి చదవడం నాకు అలవాటు. పెళ్లిలో మావ నాకిచ్చిన వాచీ నెంబరు సగం చదివేసరికి మిగతా సగం ఒక్క అంకె తప్పకుండా ఆయనే చెప్పేశారు.

"అది నాదే బాబూ. పఠాన్‌కోట్‌ల తానానికెళ్లొచ్చేసరికి పోనాది. దానికి శిచ్చ కూడా పడ్డాది నాకు. పక్కన సూది మొనతో 'అ' అని గీసుకున్నాను, సూడు."

ఆ అక్షరం నా బొటనవేలి కిందే ఉంది. ఇన్నేళ్లూ అది మావ పేరులోని అక్షరం కాదేమిటా అని ఒక్కసారీ ఆలోచించలేదు.

"చివరి అంకె వేరండి," అన్నాను. వేలు మాత్రం తియ్యలేదు.

"కళ్లు ఆనవు నాకు. నువ్వు సెప్పినావంటే అంతేలే," అన్నారు.

టీ పట్టుకొచ్చిన నా భార్య లక్ష్మి ఊరుకోలేదు. "అది మా నాన్న వాచీ అండి. ఆయనా పఠాన్‌కోట్‌లోనే సేసినాడు. రేపు అరసవల్లి దర్శనం సేసుకుని ఇక్కడికే వస్తాడు. మీరూ భోజనానికి రండి."

"తప్పకుండా వస్తానమ్మా," అన్నారాయన, నా చేతికేసి చూస్తూ.

వాచీ ఎక్కడ దాచినా లక్ష్మి అడుగుతుంది. మావ వచ్చాడంటే ముందు దానికి కీ ఇస్తాడు, తర్వాత బోర్లించి నెంబరు అందరికీ వినపడేలా చదువుతాడు. నాకీ అలవాటు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.